పుట్టగొడుగు ఫొటో ఒక్కటే చాలదు, నమూనానూ దాచమనండి

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే పత్రికల్లో పుట్టగొడుగుల ఫొటోలు కనబడతాయి. 'వింత గొడుగు' అనో, 'అరుదైన పుట్టగొడుగు' అనో, కాస్త ధైర్యం ఎక్కువైతే 'కొత్త జాతి' అనో శీర్షిక ఉంటుంది. కింద రెండు మూడు వాక్యాలు: ఫలానా చోట మొలిచింది, జనం ఆసక్తిగా చూశారు. మర్నాటికి ఆ గొడుగు కుళ్లి నేలపాలవుతుంది. దాని గురించి తెలుసుకోగలిగినదంతా దానితోనే పోతుంది. శిలీంధ్రాలను గుర్తించి నమూనాలు భద్రపరిచే పనిలో ఉన్న మేం మిమ్మల్ని కోరేది ఒకటే. ఫొటో వేయండి, కానీ ఆ పుట్టగొడుగును ఎండబెట్టి దాచమని అదే వార్తలో రాయండి. ఎలా దాచాలో, ఎక్కడ పాడవుతుందో కింద వివరంగా రాశాం. లేఖ పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే చివర్న ఉన్న విషం సంగతి మాత్రం ఉంచండి.

ఫొటో ఎందుకు చాలదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే పుట్టగొడుగు వెచ్చటి ప్రాంతాల్లో పచ్చిక బయళ్ల మీద తరచుగా మొలుస్తుంది. తెల్లటి గొడుగు, పైన గోధుమరంగు పొలుసులు, కాడకు కదిలే ఉంగరం, బాగా విప్పారితే జానెడు వెడల్పు. లేతగా ఉన్నప్పుడు అడుగున మొప్పలు, అంటే గొడుగు కింది పలచటి రేకులు, తెల్లగానే ఉంటాయి. మాక్రోలెపియోటా ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) గొడుగులు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి, వాటి మొప్పలూ తెలుపే. పై నుంచి తీసిన ఫొటోలో ఈ రెంటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు. మొదటిది తిన్నవాళ్లకు గంట నుంచి మూడు గంటల్లోపు తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. తేడా తేల్చేది సిద్ధబీజాల రంగు, అంటే విత్తనాల్లా మొప్పల నుంచి రాలే సన్నటి పొడి రంగు. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ సిద్ధబీజాలు బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటాయి, మాక్రోలెపియోటావి తెల్లగా ఉంటాయి. ముదిరిన గొడుగును రాత్రి కాగితం మీద బోర్లిస్తే పొద్దున్నే జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది. అయితే తెల్ల ముద్ర పడింది కాబట్టి తినొచ్చనుకుంటే పొరపాటే. అమానిటా అనే ప్రజాతిలోని ప్రాణం తీసే గొడుగుల ముద్ర కూడా తెలుపే.

ఇక 'కొత్త జాతి' మాట. ఇంతవరకు పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షన్నర. మొత్తం 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండవచ్చని 2017లో వేసిన అంచనాను చాలామంది పరిశోధకులు వాడుతున్నారు. అంటే మీ ఫొటోలోని గొడుగు నిజంగానే ఎవరూ వర్ణించనిది కావచ్చు. ఆ మాటను మేం తేలిగ్గా కొట్టిపారేయడం లేదు. నమూనా లేకపోతే అది కొత్తదని గానీ పాతదని గానీ రుజువు చేసే దారి లేదంటున్నాం, అంతే. శిలీంధ్రాల పేర్ల నియమాలు కూడా ఇదే చెబుతాయి. 2013 జనవరి 1 నుంచి ప్రచురించే ఏ కొత్త శిలీంధ్రం పేరుకైనా గుర్తింపు పొందిన నమోదు కేంద్రం ఇచ్చిన సంఖ్య ఉండాలి. ఆ పేరుకు ఆధారమైన మూల నమూనా ఏ సంగ్రహాలయంలో ఉందో రాయాలి. లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ వర్ణన ఉండాలి. ఇవేవీ జరగకముందే వార్తలో 'కొత్త జాతి' అని రాస్తే, ఆ మాటకు బరువు లేనట్టే.

నేల మీద మనం చూసే గొడుగు ఆ జీవి మొత్తం కాదు. చెట్టుకు కాయ ఎలాగో దానికి గొడుగు అలాగ. అసలు జీవి మట్టిలోనో కట్టెలోనో దారాల అల్లికగా, శిలీంధ్రజాలంగా, నెలలూ ఏళ్లూ బతుకుతుంది. అందుకని ఒకటి రెండు గొడుగులు కోసినంత మాత్రాన జీవికి నష్టం లేదు. అలాగని గుంపులోవన్నీ పీకేయకండి. లేతది ఒకటి, విప్పారింది ఒకటి, ముదిరింది ఒకటి ఉంటే చాలు.

ఎక్కువమంది తప్పు చేసేది మొదటి అడుగులోనే. కాడను పట్టుకుని లాగుతారు, లేదా నేలకు సమంగా కోస్తారు. గుర్తింపుకు అతి ముఖ్యమైన భాగం చాలాసార్లు నేల కిందే ఉంటుంది. చాలా అమానిటాలకు కాడ అడుగున సంచి లాంటి పొర ఉంటుంది. అది మట్టిలో ఉండిపోతే చేతిలో మిగిలేది నిరపాయంగా కనిపించే తెల్ల గొడుగు. చెదపురుగులు తమ గూళ్లలో పెంచే టెర్మిటోమైసిస్ జాతుల్లో చాలావాటికి కాడ నేలలోకి వేరులా దిగి గూటి దాకా పోతుంది. లాగితే తెగిపోతుంది. కాబట్టి కాడ చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో కత్తి గానీ తాపీ గానీ దించి మట్టితో సహా పైకి లేపాలి. ఆ తర్వాత మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చాలి. కడగకూడదు. కట్టె మీద మొలిచినదైతే ఆ కట్టె ముక్క కూడా కొంచెం తీసుకోవాలి. కట్టె తెల్లబడి పీచుపీచుగా అయిందా, గోధుమరంగుకు తిరిగి ఘనాలుగా పగిలిందా అన్నది రాసుకోవాలి. మొదటిది కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను కూడా తినే తెల్ల కుళ్లు. రెండోది కట్టె పీచైన సెల్యులోజ్‌ను తిని లిగ్నిన్‌ను చాలావరకు వదిలేసే గోధుమ కుళ్లు. ఇంత చిన్న గమనికతోనే అనుమానించాల్సిన ప్రజాతులు తగ్గుతాయి.

కోసిన గొడుగును ప్లాస్టిక్ సంచిలో వేయవద్దు. లోపల తేమ పేరుకుని కొన్ని గంటల్లోనే మెత్తబడుతుంది, బాక్టీరియా చేరతాయి. కాగితం సంచిలోనో, మైనం కాగితంలో మడిచిగానీ, గట్టి డబ్బాలో పెట్టి తీసుకెళ్లాలి. ఒక్కో జాతికి ఒక్కో సంచి. రెండు జాతుల గొడుగులు ఒకే సంచిలో ఉంటే ఒకదాని సిద్ధబీజాలు మరోదాని మీద రాలతాయి. తర్వాత సూక్ష్మదర్శిని కింద అవే కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

తాజాగా ఉన్నప్పుడే రాసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. ఎండిన తర్వాత వాటిని తిరిగి తెచ్చుకోలేం. గొడుగు వెడల్పు, కాడ పొడవు మిల్లీమీటర్లలో కావాలి. పైభాగం జిగురా, పొడా, పొలుసులా? మొప్పలు కాడకు అంటుకున్నాయా, విడిగా ఉన్నాయా, కాడ మీదికి దిగాయా? అడుగున మొప్పలే ఉన్నాయా, సన్నటి రంధ్రాలా? కోసిన చోట రంగు మారిందా, ఎంతసేపటికి? పాలు కారాయా, ఏ రంగులో? వాసన ఎలా ఉంది: పిండిలాగా, వెల్లుల్లిలాగా, ఫినాయిల్ ఘాటులాగా, ఏమీ లేదా? ఫినాయిల్ ఘాటు అగారికస్ ప్రజాతిలోని విషపు జాతులను పట్టించే గుర్తు, ఎండితే అది మాయమవుతుంది. చుట్టూ ఏ చెట్లున్నాయన్నది మరవకూడదు. చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే శిలీంధ్రాల విషయంలో ఆ చెట్టు పేరు గొడుగు రంగు కన్నా ఎక్కువ చెబుతుంది. తేదీ, అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లోనే దొరుకుతాయి. ఫొటోలు కనీసం మూడు ఉండాలి: పక్క నుంచి ఒకటి, అడుగు భాగం ఒకటి, నిలువునా చీల్చినది ఒకటి. పక్కనే ఒక స్కేలు పెట్టాలి. మీ పత్రికకు ఫొటోలు పంపేవాళ్లను కూడా ఈ మూడూ అడగండి. పై నుంచి తీసిన అందమైన ఫొటో మీకు పనికొస్తుందేమో, మాకు పనికిరాదు.

ఇప్పుడు సిద్ధబీజాల ముద్ర. ఈ పనికి ప్రయోగశాల అక్కర్లేదు, కానీ సరిగ్గా పడకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. కాబట్టి ముందు అది ఎలా పడుతుందో తెలియాలి. మొప్పల రెండు పక్కలా బేసిడియం అనే కణాలు నిండి ఉంటాయి. ఒక్కోదాని కొన మీద సాధారణంగా నాలుగు సిద్ధబీజాలు సన్నటి కొమ్ముల మీద నిలబడతాయి. (పెద్ద ఎత్తున సాగయ్యే తెల్ల బటన్ పుట్టగొడుగుకు మాత్రం రెండే. దాని శాస్త్రీయ నామం అగారికస్ బైస్పోరస్.) సిద్ధబీజం మొదలు దగ్గర గాలిలోని తేమ చేరి ఒక చుక్కగా పెరుగుతుంది. సిద్ధబీజం పక్క మీద మరో నీటి పొర ఉంటుంది. చుక్క ఆ పొరను తాకగానే రెండూ ఒక్క క్షణంలో కలిసిపోతాయి. ఆ కుదుపుకు సిద్ధబీజం కొమ్ము నుంచి విడిపోయి ఎగురుతుంది. ఎగిరే దూరం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే ఉంటుంది, కాబట్టి ఎదుటి మొప్పకు తగలకుండా మధ్యలో ఆగి నిట్టనిలువుగా కిందికి రాలుతుంది. 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఈ సంగతిని ఏళ్ల తరబడి పరిశీలించిన బుల్లర్ అనే శాస్త్రవేత్త పేరుతోనే ఆ నీటిబొట్టును బుల్లర్ బొట్టు అంటారు. ఇదంతా చెప్పడానికి కారణం ఒక్కటే: తేమ లేకపోతే బొట్టు లేదు, బొట్టు లేకపోతే ముద్ర లేదు.

విధానం ఇది. విప్పారిన గొడుగు తీసుకుని కాడను మొప్పలకు సమంగా కోయాలి. సగం తెల్లగా, సగం నల్లగా ఉన్న కాగితం మీద మొప్పలు కిందికి ఉండేలా పెట్టాలి. కాగితం కన్నా గాజు పలక గానీ అల్యూమినియం రేకు గానీ మేలు. ముద్రను గోకి సూక్ష్మదర్శిని కిందికి తీసుకోవడం తేలిక, కాగితం పీచు అడ్డురాదు. గొడుగు మీద ఒక చుక్క నీరు వేసి పైన గిన్నె బోర్లించాలి. నాలుగు గంటల నుంచి రాత్రంతా ఉంచితే చాలు. పెద్ద గొడుగైతే సగం ముక్క సరిపోతుంది, మిగతా సగాన్ని వెంటనే ఎండబెట్టుకోవచ్చు.

ముద్ర పడలేదంటే కారణం సాధారణంగా వీటిలో ఒకటి. గొడుగు మరీ లేతది, అడుగున పొర ఇంకా తెరుచుకోలేదు. లేదా మరీ ముదిరింది, సిద్ధబీజాలన్నీ అప్పటికే రాలిపోయాయి. అలాంటప్పుడు గుంపులో కింద ఉన్న గొడుగుల నెత్తి మీద, కాడ ఉంగరం మీద, పక్క ఆకుల మీద రాలిన పొడిని వెతకండి, అదీ ముద్రే. గొడుగు దారిలోనే వాడిపోయి ఉంటే తడి దూది పక్కన పెట్టి మళ్లీ ప్రయత్నించవచ్చు. దూది గొడుగును తాకకూడదు. నీరు ఎక్కువైతే మరో చిక్కు: గిన్నె లోపల చెమర్చిన నీరు కారి ముద్రను కడిగేస్తుంది, లేదా మొప్పలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన గొడుగు ఇక ముద్ర వేయదు. లోపల పురుగు లార్వాలుంటే ముద్ర మీద అవి పాకిన గీతలు, తడి మరకలు పడతాయి. అప్పటికీ రంగు తెలుస్తుంది కాబట్టి పారేయకండి. పలచటి ముద్రను చూసి రంగు తేల్చడం అన్నిటికన్నా మామూలు పొరపాటు. పలచగా ఉంటే లేత గులాబీ కూడా తెల్లగా కనిపిస్తుంది. పొడిని బ్లేడుతో ఒకచోటికి పోగుచేసి పగటి వెలుతురులో చూడాలి. బల్బు వెలుతురును నమ్మొద్దు.

ఆ గులాబీకీ తెలుపుకీ మధ్య తేడా చిన్నదేమీ కాదు. గడ్డి మీద పెంచే వోల్వేరియెల్లాకూ, ప్రాణాంతకమైన అమానిటాకూ కాడ అడుగున సంచి ఉంటుంది. ముదిరిన గొడుగు ముద్ర గులాబీ అయితే మొదటిది కావచ్చు, తెలుపైతే రెండోది కావచ్చు. మొగ్గ దశలో రెంటికీ ముద్ర పడదు, పైకి రెండూ గుడ్ల మాదిరే ఉంటాయి. అందుకే ఒక చోట మొగ్గలను బాగా ఎరిగినవాళ్లు మరో చోటికి వెళ్లి అదే అనుకుని విషపుదాన్ని కోస్తుంటారు. ఎలియాస్ ఫ్రీస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1821లో మొప్పల గొడుగులను సిద్ధబీజాల రంగును బట్టి విభజించాడు. ఆ వర్గీకరణ ఇప్పుడు చాలావరకు మారిపోయింది, అయినా గుర్తింపు పుస్తకాలన్నీ ఇవాళ్టికీ ముందు అడిగే ప్రశ్న అదే.

అన్ని శిలీంధ్రాలకూ ఇదే పద్ధతి పనికిరాదు. గిన్నె శిలీంధ్రాలు, మోరెల్‌లు ఆస్కస్ అనే గొట్టంలో సాధారణంగా ఎనిమిదేసి సిద్ధబీజాలను పెంచి బయటికి చిమ్ముతాయి. గిన్నె శిలీంధ్రాలు పైకి చిమ్ముతాయి కాబట్టి గాజు పలకను పైన కప్పాలి. కట్టె మీది గట్టి బ్రాకెట్ శిలీంధ్రాలను రంధ్రాల వైపు కిందికి పెట్టి ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. ఉండలాంటి పఫ్‌బాల్‌కు ముద్రతో పని లేదు, ముదిరితే లోపలంతా పొడే. పెద్ద పఫ్‌బాల్ ఒక్కదానిలో 7 లక్షల కోట్ల సిద్ధబీజాలు ఉంటాయని ఆ బుల్లరే లెక్కగట్టాడు.

ముద్ర తీస్తూనే మరోవైపు ఎండబెట్టడం మొదలుపెట్టాలి, రేపటికి వాయిదా వేయకూడదు. పుట్టగొడుగు కోసిన తర్వాత కూడా లోపలి ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి, లార్వాలు తింటూనే ఉంటాయి. 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆగకుండా కదిలే గాలి, ఈ రెండూ కావాలి. పండ్లు ఎండబెట్టే చిన్న యంత్రం దీనికి చక్కగా సరిపోతుంది. అది లేకపోతే అట్టపెట్టెలో జల్లెడ తెర బిగించి, అడుగున వేడినిచ్చే పాత రకం బల్బు, పక్కన చిన్న ఫ్యాను పెట్టుకోవచ్చు. బల్బు అట్టకు తగలకుండా, కంటికి కనబడేలా పెట్టాలి. దాన్ని వదిలి బయటికి వెళ్లకూడదు. పెద్ద గొడుగులను నిలువుగా సెంటీమీటరు మందాన కోయాలి, చిన్నవాటిని అలాగే వేయాలి. పలచటివి రాత్రికి రాత్రే ఎండుతాయి. కండ ఎక్కువ ఉన్నవాటికి ఒక పగలూ రాత్రీ పట్టవచ్చు. వంచితే వంగకూడదు, టక్కున విరగాలి. వంగుతోందంటే లోపల తేమ ఉన్నట్టే, నెల తిరక్కుండా బూజు పట్టి మొత్తం పోతుంది.

తొందరపడి వేడి పెంచితే గొడుగు ఎండదు, ఉడుకుతుంది. కణజాలం ముద్దకట్టి నల్లబడుతుంది, డీఎన్ఏ ముక్కలైపోతుంది. తలుపు మూసిన ఓవెన్, మైక్రోవేవ్ అందుకే పనికిరావు. ముసురు పట్టిన రోజుల్లో ఎండనూ నమ్మలేం. గాలిలోనే తేమ నిండి ఉంటే నెమ్మదిగా ఎండుతూ పక్కనుంచి కుళ్లుతుంది. ఫార్మలిన్ సీసాలో వేయడం పాత అలవాటు. ఆకారం నిలుస్తుంది గానీ తర్వాత డీఎన్ఏ తీయడం దాదాపు అసాధ్యమవుతుంది. దయచేసి మానండి. డీఎన్ఏ కోసం మరింత జాగ్రత్త కావాలంటే, గొడుగు లోపలి కండలోంచి బఠాణీ గింజంత ముక్క కోసి, దాని బరువుకు పది రెట్లకు తగ్గకుండా సిలికా జెల్ ఉన్న చిన్న గొట్టంలో వేయాలి. జెల్ రంగు మారితే కొత్తది పోయాలి.

ఎండిన నమూనాను చల్లారేదాకా బయట పెడితే గాలిలోని తేమను తిరిగి పీల్చుకుంటుంది. వెచ్చగా ఉండగానే జిప్ ఉన్న కవరులో వేసి మూయాలి. లోపల పెన్సిల్‌తో రాసిన చీటీ ఉండాలి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది. నమూనాకు, ముద్రకు, ఫొటోలకు, రాతలకు ఒకే సంఖ్య ఇవ్వాలి. సంఖ్య లేని కవరు ఎంత బాగా ఎండినా దేనికీ పనికిరాదు. భద్రపరిచే ముందు మైనస్ 20 డిగ్రీల దగ్గర ఒక వారం ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. ఎండిన పుట్టగొడుగులంటే చిన్న పెంకుపురుగులకు మహా ఇష్టం. ఒక్కటి చొరబడిందంటే ఏళ్ల నాటి సేకరణ పిండి పిండి అవుతుంది. ఆ తర్వాత నమూనాను దగ్గర్లోని హెర్బేరియానికో (ఎండు నమూనాల సంగ్రహాలయం), విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగానికో అప్పగించవచ్చు. ఇంట్లో బీరువాలో ఉన్నది మరొకరికి అందదు.

సూక్ష్మదర్శిని పని గురించి క్లుప్తంగా చెబుతాం. ఎండిన మొప్పలోంచి చిన్న ముక్క తీసి 3 నుంచి 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో నానబెడితే కణాలు మళ్లీ పొంగుతాయి. నూనె చుక్కతో వాడే 100 రెట్ల కటకం కింద కనీసం 20 సిద్ధబీజాల పొడవు, వెడల్పు కొలవాలి. ఆ సిద్ధబీజాలు ముద్రలోంచి తీసినవై ఉండాలి, ఎందుకంటే మొప్పల మీద ఎదగనివి కూడా ఉంటాయి, అవి సగటును కిందికి లాగుతాయి. కొలబద్దను ఆ సూక్ష్మదర్శినికే సరిచూసుకోకపోతే అంకెలన్నీ వృథా. మెల్జర్ అనే అయోడిన్ ద్రావణంలో కొన్ని ప్రజాతుల సిద్ధబీజాలు నీలి నలుపుకు తిరుగుతాయి, కొన్నిటివి ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతాయి, మిగతావి మారవు. ఆ ద్రావణం పాళ్లు ఇవి: అయోడిన్ 1.5 గ్రాములు, పొటాషియం అయోడైడ్ 5 గ్రాములు, క్లోరల్ హైడ్రేట్ 100 గ్రాములు, నీరు 100 మిల్లీలీటర్లు. క్లోరల్ హైడ్రేట్ మత్తు కలిగించే పదార్థం, చాలాచోట్ల దాని అమ్మకంపై నియంత్రణ ఉంది. ఇది ప్రయోగశాలలో చేయాల్సిన పనే.

డీఎన్ఏ వచ్చాక ఈ పాత పనులెందుకని చదువుకున్నవాళ్లే అడుగుతుంటారు. 2012లో ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగాన్ని శిలీంధ్రాల సామాన్య బార్‌కోడ్‌గా ప్రతిపాదించారు, నిజంగానే గుర్తింపు చాలా సులువైంది. కానీ సొంతంగా అదేమీ తీర్పు చెప్పదు. మనం తీసిన క్రమాన్ని, అంటే డీఎన్ఏ అక్షరాల వరుసను, సార్వజనిక భాండాగారంలోని క్రమాలతో పోలుస్తాం. అక్కడి పేర్లే తప్పయితే? శిలీంధ్రాల క్రమాల్లో 20 శాతం దాకా జాతి పేరు తప్పుగా ఉండవచ్చని 2006లో వచ్చిన ఒక పరిశీలన తేల్చింది. 97 శాతం పోలితే ఒకే జాతి అనే సూత్రం అన్ని ప్రజాతులకూ వర్తించదు. కొన్నిట్లో రెండు వేర్వేరు జాతుల ఐటీఎస్ దాదాపు ఒకేలా ఉంటుంది, అప్పుడు టీఈఎఫ్1, ఆర్‌పీబీ2 వంటి జన్యువులు చూడాలి. పైగా గొడుగు పైపొర నుంచి ముక్క తీస్తే, దాని మీద పెరిగిన బూజు డీఎన్ఏ వచ్చి కూర్చుంటుంది. ఇలాంటి తప్పు పదేళ్ల తర్వాత బయటపడితే సరిదిద్దేది ఎలా? కవరులోని ఎండు ముక్కను మళ్లీ తీసి చూడటమే. నూరేళ్లు దాటిన నమూనాల నుంచి కూడా డీఎన్ఏ తీసిన సందర్భాలున్నాయి. నమూనా లేని క్రమానికి ఆ అవకాశమే లేదు.

వీటి వల్ల ఒరిగేదేమిటని అడిగేవాళ్లకు రెండు సంగతులు. పైన్ కాయల మీద మొలిచే స్ట్రోబిలూరస్ టెనాసెల్లస్ అనే వేలెడంత గొడుగు నుంచి 1977లో స్ట్రోబిలూరిన్‌ను వేరుచేశారు. ఇతర శిలీంధ్రాల శ్వాసక్రియను అది అడ్డుకుంటుంది. దాన్ని మాదిరిగా తీసుకుని తయారైన అజాక్సీస్ట్రోబిన్ ఇవాళ పంట తెగుళ్ల మందుల్లో పేరున్నది. రెండోది ప్లూరోమ్యుటిలిన్. 1951లో ఒక పుట్టగొడుగు నుంచి తీసిన ఈ యాంటీబయాటిక్ నుంచి పుట్టిన లెఫామ్యులిన్‌కు 2019లో న్యుమోనియా చికిత్సకు అమెరికాలో అనుమతి వచ్చింది. అన్ని దశాబ్దాల తర్వాత కూడా పరిశోధకులు అదే శిలీంధ్రం దగ్గరికి తిరిగి వెళ్లగలిగారంటే ప్రయోగశాలలో పెంచిన దాని జీవ వర్ధనాలను ఎవరో దాచి ఉంచారు కాబట్టే.

ఇక విషం సంగతి. ఫొటో చూసి 'ఇది తినొచ్చు' అని దయచేసి ఎప్పుడూ ప్రచురించకండి, పంపినవారు ఎంత నమ్మకంగా చెప్పినా సరే. ఫోన్ యాప్‌లను కూడా ఆధారంగా తీసుకోవద్దు. 2023లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశీలనలో మూడు యాప్‌లను పరీక్షిస్తే, అన్నిటికన్నా మెరుగైనది కూడా సుమారు సగం నమూనాలనే సరిగ్గా గుర్తించింది. వెండి చెంచా నల్లబడుతుందని, పురుగు తిన్నది మంచిదని, ఉడికిస్తే విషం పోతుందని చెప్పేవన్నీ అబద్ధాలే. అమానిటా ఫాలాయిడిస్ వంటివాటిలోని అమాటాక్సిన్ అనే విషం వంట వేడికి చెడదు. కణంలో ఆర్ఎన్ఏ తయారుచేసే ఎంజైమును అది ఆపేస్తుంది. తిన్న 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఆపైన ఒకటి రెండు రోజులు తగ్గినట్టే అనిపించి ఇంటికి వెళ్లిపోతారు. ఆలోపు కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది.

కాబట్టి పుట్టగొడుగు తిన్నాక అస్వస్థత అనే వార్త రాసినప్పుడు ఈ నాలుగు మాటలు దాని పక్కనే వేయండి. లక్షణాలు కనిపించే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, తగ్గినట్టనిపించినా డాక్టరు చెప్పేదాకా ఇంటికి రాకూడదు. ఎప్పుడు తిన్నారో, మొదటి వాంతి ఎప్పుడైందో గడియారం చూసి రాసుకోవాలి, ఎందుకంటే ఆ మధ్య వ్యవధి ఆరు గంటలు దాటితే డాక్టర్లు ముందు అనుమానించేది అమాటాక్సిన్‌నే. రెండు మూడు రకాలు కలిపి వండి ఉంటే తొందరగా వాంతులైనంత మాత్రాన ఆ ప్రమాదం లేదనుకోకూడదు. మిగిలిన గొడుగులను, శుభ్రం చేసేటప్పుడు కోసి పారేసిన కాడ అడుగులను కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లాలి, గడ్డకట్టించకూడదు. అవేవీ మిగలకపోతే వండిన ముక్కలైనా, వాంతిలో పడినవైనా మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్లవచ్చు. ఉడికినా సిద్ధబీజాల ఆకారం చాలావరకు చెడదు, సూక్ష్మదర్శిని కింద గుర్తుపట్టవచ్చు.

ఇట్లు,
శిలీంధ్ర నమూనాల సేకరణ, గుర్తింపు పనిలో ఉన్న కొందరు పాఠకులు